గుండె దడలో గురి

"సార్, అంత దూరం ఉరికొచ్చినోడు ఎగపోస్తా ఉంటాడు కదా. అట్లాంటోడు గురి చూసి ఎట్ల కొడతాడు సార్?"

తొమ్మిదో తరగతి పిల్లవాడు అడిగిన ప్రశ్న ఇది. 2022 ఫిబ్రవరిలో బీజింగ్‌లో శీతాకాల ఒలింపిక్స్ జరుగుతున్నాయి. అనంతపురంలో అప్పటికే మధ్యాహ్నపు ఎండ చురుక్కుమంటోంది. వాళ్ల మామ ఫోనులో చూశాడట. కాళ్లకు పొడుగాటి స్కీ చెక్కలు, రెండు చేతుల్లో కర్రలు, వీపు మీద తుపాకీ పెట్టుకుని ఒకాయన మంచు మీద జారుకుంటూ వచ్చాడు. గబుక్కున బోర్లా పడుకుని ఐదుసార్లు కాల్చాడు. దూరాన వరసగా ఉన్న ఐదు నల్లచుక్కలూ ఒక్కొక్కటే తెల్లబడ్డాయి. లేచాడు, తుపాకీ వీపున తగిలించుకున్నాడు, మళ్లీ మంచులో పడి వెళ్లిపోయాడు.

ఈ ఆట పేరు బయాథ్లాన్. 'బై' అంటే రెండు, 'అథ్లాన్' అంటే పోటీ. మనం దీన్ని జంటపోటీ అనుకుందాం. పిల్లవాడికి కలిగిన అనుమానం చాలా సరైనది. బస్సు వెంట ఉరికి ఎలాగో ఎక్కి సీట్లో కూలబడ్డ మనిషి చేతికి సూదీ దారమూ ఇచ్చి చూడండి. దారం కొస సూది బెజ్జం చుట్టూ తిరుగుతుందే తప్ప లోపలికి పోదు. గట్టిగా ఉరకడానికి ఒళ్లంతా చెలరేగాలి, గురి చూడటానికి ఒళ్లంతా నిమ్మళించాలి. ఈ రెండింటినీ ఒకే ఒంట్లో, అరనిమిషం తేడాతో ఎలా ఇముడుస్తారు? అలా ఇమిడ్చి ఇరవై ఏళ్లకు పైగా పోటీల్లో నిలవడం ఎలా సాధ్యం? ఈ అధ్యాయమంతా ఆ పిల్లవాడికి నేను చెప్పాలనుకున్న జవాబే.

చెనక్కాయ గింజంత గురి

ముందు లక్ష్యం ఎంతుంటుందో చూద్దాం. తుపాకీ పట్టినవాడికీ గురికీ మధ్య 50 మీటర్లు, అంటే రెండున్నర క్రికెట్ పిచ్‌ల దూరం. బోర్లా పడుకుని కాల్చేటప్పుడు లక్ష్యం అడ్డకొలత 45 మిల్లీమీటర్లు, మోస్తరు నిమ్మకాయంత. నిలబడి కాల్చేటప్పుడు 115 మిల్లీమీటర్లు, పీచు ఒలిచిన కొబ్బరికాయంత. తుపాకీకి దూరదర్శిని ఉండదు. కంటి దగ్గర సన్నని రంధ్రం, గొట్టం కొసన చిన్న వలయం, అంతే. ఆ రంధ్రంలోంచి చూసి, వలయం నడుమ నల్లచుక్కను నిలపాలి.

50 మీటర్లంటే మా బడి ఆవరణలో కుదరదు. అందుకని కొలతలన్నీ ఐదో వంతుకు తగ్గించాం. పది మీటర్ల దూరంలో గోడ. 45ని ఐదుతో భాగిస్తే 9 మిల్లీమీటర్లు, అంటే ఒక చెనక్కాయ గింజ. 115ని ఐదుతో భాగిస్తే 23, సరిగ్గా ఐదు రూపాయల బిళ్ల. గోడ మీద సుద్దముక్కతో ఆ రెండు కొలతల్లో సున్నాలు గీశాం. మీటరు పొడవున్న కర్రకు అంగట్లో దొరికే చిన్న లేజరు లైటు రబ్బరు బ్యాండ్లతో బిగించాం. ఎవరి కళ్లలోనూ ఆ వెలుగు పడకుండా పిల్లలందరినీ వెనక్కి పంపి, సాయంత్రం వెలుతురు తగ్గాక మొదలుపెట్టాం.

లెక్క ఇలా ఉంటుంది. తుపాకీ భుజానికి ఆనే చోటు నుంచి మూతి దాకా సుమారు ఒక మీటరు అనుకోండి. భుజం దగ్గర కదలకుండా మూతి మాత్రం అర మిల్లీమీటరు పక్కకు జరిగితే, ఆ తేడా 50 మీటర్లు పోయేసరికి 25 మిల్లీమీటర్లవుతుంది. నిమ్మకాయ అంచు దాదాపు దాటిపోయినట్టే. అర మిల్లీమీటరంటే నోటుపుస్తకంలో ఐదారు కాగితాల మందం. ఎగపోస్తున్న మనిషి మూడున్నర కిలోలకు తగ్గని తుపాకీని ఆ మందంలో నిలపాలి. ఐదుసార్లూ నిలపాలి.

గురి ఆటలో మన తెలుగు నేలకు మంచి పేరే ఉంది. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెచ్చాడు. హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో పిస్తోలుతో నాలుగు పతకాలు గెలిచింది. ఎయిర్ రైఫిల్‌లో నడిమి చుక్క అర మిల్లీమీటరే. సూక్ష్మంలో చూస్తే అది బయాథ్లాన్ కన్నా ఎంతో కఠినం. కానీ అక్కడ ఆటగాడు తనను తాను చల్లబరుచుకుంటాడు. బిగువైన కోటు తొడుక్కుని, గుండెను నెమ్మదింపజేసుకుని, ఒక్కో గుండుకూ తీరిక తీసుకుంటాడు. గుండె నిమిషానికి అరవైసార్లు కొట్టుకుంటే కొట్టుకూ కొట్టుకూ మధ్య ఒక సెకను ఖాళీ ఉంటుంది. చేయి తిరిగినవాళ్లు ఆ ఖాళీలో మీట నొక్కగలరు. నిమిషానికి 150సార్లు కొట్టుకునే గుండెలో ఆ ఖాళీ 0.4 సెకన్లే. దాని కోసం కాచుకుని కూర్చునే వీలుండదు. జంటపోటీ ఆటగాడు వేరే దారి వెతుక్కోవాలి.

ఒళ్లంతా ఒక్కటే మోటారు

ఆ దారి తెలియాలంటే ముందు గుండె చేసే పని చూడాలి. మా వైపు ఈ పోలిక వెంటనే అర్థమవుతుంది. ఒకే బోరు మీద చెనక్కాయ చేను, చీనీ తోట, ఇంటి తొట్టి బతకాలి. కరెంటు ఉండేది కొన్ని గంటలే. ఏ గేటువాల్వు ఎప్పుడు తిప్పాలో రైతుకు తెలిసుండాలి. ఒంట్లో ఆ బోరు మోటారు గుండె, అది తోడేది నెత్తురు.

ఊరికే కూర్చున్నప్పుడు గుండె నిమిషానికి ఐదు లీటర్ల నెత్తురు తోడుతుంది. ఆరితేరిన మంచు పరుగు వీరుడిలో, పోటీ మంచి ఊపులో ఉన్నప్పుడు, అది 35 లీటర్లు దాటుతుంది. నీళ్లు మోసే బిందెతో కొలిస్తే నిమిషానికి రెండు బిందెల పైమాట. అందులో ఎక్కువ భాగం కాళ్లకూ చేతులకూ పోతుంది. ఈ ఆటలో కాళ్లు తోస్తాయి, చేతులు కర్రలతో పొడుస్తాయి, కాబట్టి ఒంట్లోని పెద్ద కండలన్నీ ఒకేసారి నీళ్లడుగుతాయి. ఒంటి బరువు కిలోకు నిమిషానికి ఎంత ప్రాణవాయువు వాడుకోగలమో కొలిచే పద్ధతి ఒకటుంది. మామూలు యువకుడిలో అది 40, 45 మిల్లీలీటర్లుంటే ఈ క్రీడలో ముందు వరసలో ఉండే పురుషుల్లో 80 దాకా ఉంటుంది.

అనంతపురంలో పరుగెత్తేవాళ్లకు ఇంకో సంగతి అనుభవంలో ఉంటుంది. ఎండాకాలం అదే మైదానం, అదే వేగం, గుండె మాత్రం ఎక్కువ కొట్టుకుంటుంది. ఒంటి వేడిని బయటికి పంపడానికి నెత్తురు చర్మం దాకా పోవాలి. చెమటతో నీరు తగ్గి నెత్తురు పరిమాణమూ కొంత కుంచించుకుపోతుంది. కండలకు అంతే నెత్తురు అందాలంటే మోటారు వేగం పెంచక తప్పదు. నిమిషానికి పది పదిహేను కొట్లు అదనంగా పడటం మామూలే. అందుకే ఇక్కడి పిల్లలు తెల్లవారుజామునే మైదానానికొస్తారు. రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు అనంతపురంలో పెట్టిన క్రీడాగ్రామంలో చూసినా తెల్లవారకముందే సందడి మొదలవుతుంది. కొన్ని వారాలు వేడిలో సాధన చేస్తే ఒళ్లు సర్దుకుంటుంది, నెత్తురులోని నీటి భాగం పెరుగుతుంది. చలిదేశాల ఆటగాళ్లు సైతం కావాలని వేడి గదుల్లో సాధన చేసేది ఇందుకే.

ఇక మన ప్రయోగం. పరుగుకు ముందు పిల్లవాడి మణికట్టు పట్టుకుని పదిహేను సెకన్లు లెక్కపెట్టాం. 21 కొట్లు, అంటే నిమిషానికి 84. నిలబడి కర్ర పట్టుకుంటే గోడ మీద ఎర్రచుక్క ఐదు రూపాయల బిళ్ల చుట్టుపక్కలే తచ్చాడింది. తర్వాత మైదానం రెండు చుట్లు ప్రాణం పెట్టి ఉరికి రమ్మన్నాను. వచ్చీ రాగానే పట్టుకుంటే పదిహేను సెకన్లలో 44. నిమిషానికి 176. ఇప్పుడు చుక్క బిళ్లను వదిలేసి అన్నం పళ్లెమంత మేర తిరుగుతోంది. బోర్లా పడుకో అన్నాను. పడుకున్నాడు. మోచేతులు నేలకు ఆనాయి, చుక్క బాగా దగ్గరికొచ్చింది. అరనిమిషం దాన్నే చూసి మెల్లగా అన్నాడు.

"సార్, చుక్క కొట్టుకుంటాంది."

నిజంగానే కొట్టుకుంటోంది. తడబాటుగా కాకుండా తాళం వేసినట్టు, ఒక్కో కొట్టుకూ చిన్నగా ఎగిరిపడుతోంది. అదే సమయంలో ఊపిరి పీల్చినప్పుడు కిందికీ, వదిలినప్పుడు పైకీ నిలువుగీత గీస్తోంది. ఒక పిల్లవాడి గుండె గోడ మీద కనిపించింది. ఇన్నేళ్లుగా గుండె బొమ్మ నల్లబల్ల మీద గీసి పాఠం చెబుతున్నాను. ఆ సాయంత్రం గోడ చెప్పినంత తేటగా నేనెప్పుడూ చెప్పలేదు.

దడ ఎక్కడ తగులుతుంది

పడుకున్నప్పుడు తగిలే ఇబ్బంది వేరు, నిలబడ్డప్పుడు తగిలేది వేరు. పడుకున్నప్పుడు ఒంటి బరువంతా నేలే మోస్తుంది. తుపాకీని ఎడమచేయి మోస్తుంది. ఆ చేయి అలసిపోకుండా జబ్బకు ఒక పట్టీ కట్టి దాన్ని తుపాకీకి తగిలిస్తారు. దాంతో తుపాకీ రాయిలా నిలుస్తుంది, నిజమే. కానీ జబ్బలో పెద్ద నెత్తుటి గొట్టం ఉంది. పట్టీ దాన్ని అదిమినకొద్దీ గుండె కొట్టే ప్రతి దెబ్బా పట్టీలోంచి తుపాకీకి పాకుతుంది. గోడ మీద చుక్క ఎగిరిపడ్డట్టే ఇక్కడ తుపాకీ మూతి ఎగిరిపడుతుంది. పట్టీ ఎంత పైన కట్టాలి, ఎంత బిగించాలి అన్నది ప్రతి ఆటగాడూ ఏళ్ల తరబడి తేల్చుకునే సంగతి.

నిలబడితే పట్టీ ఉండదు, నేల ఊతమూ ఉండదు. అసలు మనిషి కదలకుండా నిలబడటమన్నదే లేదు. నెత్తిన బిందె పెట్టుకుని నిలుచున్న ఆడమనిషి పాదాలు ఒకసారి దగ్గరగా చూడండి. చీలమండలు క్షణక్షణం అటూ ఇటూ సర్దుతూనే ఉంటాయి. ఆ సర్దుబాటు వల్లే బిందె నిలుస్తుంది. పరుగుతో కాళ్ల కండలు అలిసినప్పుడు ఈ సర్దుబాట్లు ముతకబడతాయి, ఊగుడు పెరుగుతుంది. నిలబడి కాల్చేటప్పుడు గుండె దడ కన్నా ఈ ఊగుడే పెద్ద శత్రువు. లక్ష్యాన్ని నిమ్మకాయ నుంచి కొబ్బరికాయకు పెంచింది ఇందుకే. అయినా ఎక్కువ గుండ్లు తప్పేది ఇక్కడే.

మరి వాళ్లు చేసేదేమిటి? గురి మైదానం ఇంకో యాభై అరవై సెకన్ల దూరంలో ఉండగానే వేగం కొద్దిగా తగ్గిస్తారు. గరిష్ఠానికి దగ్గర్లో కొట్టుకుంటున్న గుండె దిగడం మొదలవుతుంది. పడుకుని పట్టీ తగిలించి మొదటి గుండు కాల్చేసరికి అది గరిష్ఠంలో సుమారు మూడింట రెండు వంతులకు వస్తుంది. శిక్షణ పొందిన ఒంటికీ మామూలు ఒంటికీ పెద్ద తేడా కనిపించేది ఇక్కడే. మెదడు నుంచి గుండెకు పోయే ఒక నరం కళ్లెం లాంటిది. దాన్ని మనం కళ్లెం నరం అనుకుందాం. సాధన చేసినవాళ్లలో పరుగు ఆపగానే ఆ కళ్లెం గట్టిగా బిగుస్తుంది. గుండె ఎంత పైకెక్కింది అన్నదానికన్నా ఎంత త్వరగా దిగింది అన్నదే అక్కడ లెక్క.

తర్వాత ఊపిరి. రెండు మూడు గాఢమైన ఊపిర్లు, గాలి సగం వదిలి ఒక్క క్షణం నిలపడం, గుండు. మళ్లీ ఒక ఊపిరి, నిలపడం, గుండు. ఐదు గుండ్లూ ఇదే తాళంలో పడతాయి. ఊపిరి మరీ ఎక్కువసేపు బిగబట్టకూడదు. ప్రాణవాయువు కరువై కంటిచూపు మసకబారుతుంది, చేయి వణుకుతుంది. ముందు వరస ఆటగాళ్లు వచ్చి పడుకుని, ఐదూ కాల్చి, లేచి వెళ్లిపోవడమంతా అరనిమిషంలోపే ముగిస్తారు. మీట నొక్కడానికి కనీసం అర కిలో బలం కావాలని నిబంధన. ఆ బలంలో చాలా భాగాన్ని వేలు ముందే వేసి ఉంచుతుంది, వలయంలో చుక్క కుదురుకున్న క్షణాన మిగిలిన కాస్తా వేస్తుంది. గడ్డకట్టే చలిలో, చలి మైనస్ 20 డిగ్రీలు దాటితే పోటీ మొదలుపెట్టరు గానీ, అంతదాకా వచ్చిన చలిలోనూ ఆ వేలికి స్పర్శ తెలియాలి.

కంటి సంగతి నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించింది. కెనడాలో జోన్ వికర్స్, మార్క్ విలియమ్స్ అనే పరిశోధకులు జంటపోటీ ఆటగాళ్లను వ్యాయామ సైకిలు మీద క్రమంగా అలసట పెంచుతూ తొక్కించి, దిగగానే కాల్పించి, వాళ్ల చూపు ఎక్కడెక్కడ నిలుస్తోందో పరికరంతో పట్టారు. ఆ ఫలితాలు 2007లో వెలువడ్డాయి. ఒత్తిడి పెంచి, ఒళ్లు పూర్తిగా అలసిన స్థితిలో కాల్పించినప్పుడు చాలామంది తడబడ్డారు. తడబడనివాళ్లలో ఒక లక్షణం కనిపించింది. మీట నొక్కే ముందు వాళ్ల చూపు లక్ష్యం మీద నిలిచిన సమయం తగ్గకపోగా ఇంకా పెరిగింది. ఒళ్లు ఎంత ఊగినా చూపు ఊగలేదు. నేను దీన్ని నిలిచిన చూపు అంటాను.

పిల్లవాడితో మర్నాడు మళ్లీ చేయించాం. ఈసారి చివరి ముప్పై అడుగులు నడిచి రమ్మన్నాను. పడుకున్నాక మూడు ఊపిర్లు, నాలుగోది సగం వదిలి నిలపమన్నాను. చుక్క కొట్టుకోవడం ఆగలేదు. ఊపిరి గీసే నిలువుగీత మాత్రం పోయింది. చెనక్కాయ గింజ దగ్గరికొచ్చి ఒకటిన్నర క్షణం దాని మీదే కొట్టుకుంటూ నిలిచింది.

తప్పిన గుండు వెల

గుండు తప్పితే ఏమవుతుంది? ఈ ఆటకు రుచి తెచ్చేది దానికి విధించే శిక్షే. కొన్ని పోటీల్లో తప్పిన ప్రతి గుండుకూ 150 మీటర్ల చిన్న చుట్టు ఒకటి అదనంగా తిరగాలి. 25 సెకన్ల దాకా పోతాయి. 20 కిలోమీటర్ల పాత పోటీలో తప్పిన ప్రతి గుండుకూ మొత్తం సమయానికి ఒక నిమిషం కలుపుతారు. అంటే మైదానంలోకి వచ్చే ప్రతి ఆటగాడి ముందూ ఒక బేరం ఉంటుంది. ఇంకో మూడు సెకన్లు ఊపిరి తీసుకుని కాలిస్తే ఆ మూడు సెకన్లు పోతాయి. తొందరపడి తప్పితే పాతిక పోతాయి. వాన కోసం ఇంకో వారం ఆగుదామా, ఇప్పుడే విత్తుదామా అని మేఘం వైపు చూసే రైతు బేరమే ఇది.

గాలి కూడా ఈ బేరంలో చెయ్యి పెడుతుంది. సన్నని గాలే అడ్డంగా వీచినా 50 మీటర్లలో గుండు ఒక సెంటీమీటరు పక్కకు జరగొచ్చు. మైదానంలో చిన్న జెండాలు కడతారు. ఆటగాడు పడుకుంటూనే జెండా చూసి, గురి చూసే వలయాన్ని మరతో ఒకటి రెండు మెట్లు తిప్పుతాడు. రామగిరి గుట్టల మీద గాలిమరలు చూస్తూ పెరిగిన పిల్లలకు గాలి లెక్క చెప్పక్కర్లేదు.

ఈ బేరాన్ని రెండు రకాలుగా గెలవొచ్చని రెండు ఒలింపిక్స్ చూపించాయి. ఈ ఆట శీతాకాల ఒలింపిక్స్‌లోకి 1960లో, అమెరికాలోని స్క్వా వ్యాలీలో వచ్చింది. అప్పట్లో పెద్ద తుపాకులు, 100 నుంచి 250 మీటర్ల దూరాలు. తప్పిన గుండుకు రెండు నిమిషాల శిక్ష. స్వీడన్ ఆటగాడు క్లాస్ లెస్టాండర్ మంచు మీద వేగంలో చాలామంది కన్నా వెనక ఉన్నాడు. కానీ 20 గుండ్లకు 20 కొట్టాడు. స్వర్ణం ఆయనదే. 2002లో సాల్ట్ లేక్ సిటీలో అదే 20 కిలోమీటర్ల పోటీలో జర్మనీ ఆటగాడు ఫ్రాంక్ లుక్ 20కి 20 కొట్టాడు, అయినా రజతమే దక్కింది. స్వర్ణం గెలిచినవాడికి రెండు గుండ్లు తప్పాయి, రెండు నిమిషాలు శిక్ష పడింది. అంత పోగొట్టుకున్నా అరనిమిషానికి పైగా ముందున్నాడు. ఆయన నార్వేవాడు. పేరు ఓలె ఐనార్ బ్యోర్న్‌డాలెన్.

ఇరవై నాలుగేళ్లు ఒకే గుండెతో

ఒక్క పోటీని కాక ఒక మనిషి ఆటజీవితాన్ని మొత్తంగా చూస్తే ఈ విజ్ఞానమంతా ఒకచోట కనిపిస్తుంది. అందుకు బ్యోర్న్‌డాలెన్‌ను మించిన ఉదాహరణ నాకు దొరకలేదు. 1974 జనవరి 27న పుట్టాడు. సీమోస్ట్రాండ అనే పల్లెలో, పొలం పని చేసుకునే ఇంట్లో పెరిగాడు. అన్న దాగ్ కూడా ఇదే ఆట ఆడాడు. 1994లో స్వదేశంలోనే లిల్లెహామర్ ఒలింపిక్స్‌లో దిగాడు, పతకం రాలేదు.

1998లో జపాన్‌లోని నగానో. పది కిలోమీటర్ల పోటీ. ఆటగాళ్లు ఒకరి తర్వాత ఒకరు బయల్దేరుతున్నారు. బ్యోర్న్‌డాలెన్ ముందంజలో ఉన్నాడు. అంతలో దట్టంగా మంచు కురవడం మొదలైంది, పొగమంచు కమ్మింది. 50 మీటర్ల దూరంలోని నల్లచుక్కలు కంటికి ఆనలేదు. పోటీ మధ్యలోనే రద్దయింది. గెలుపు చేతిదాకా వచ్చి జారిపోయింది. పంట కోతకొచ్చిన వారం వడగళ్లు పడితే ఎలా ఉంటుందో ఆ రాత్రి ఆయనకు అలాగే గడిచి ఉండాలి. మర్నాడు మళ్లీ పోటీ పెట్టారు. పది కిలోమీటర్ల పోటీలో నిమిషం పైచిలుకు తేడాతో గెలిచాడు. సాధారణంగా సెకన్లలో తేలే పోటీ ఇది.

నాలుగేళ్ల తర్వాత సాల్ట్ లేక్‌లో పురుషులకు నాలుగు పోటీలు పెడితే నాలుగూ గెలిచాడు. సముద్రమట్టానికి 1,600 మీటర్లకు పైగా ఎత్తున్న మైదానం అది. మన అనంతపురం పీఠభూమి సుమారు 335 మీటర్ల ఎత్తులో ఉంది. సాల్ట్ లేక్ ఎత్తులో గాలి పలుచన, ఒక్కో ఊపిరికీ అందే ప్రాణవాయువు తక్కువ. గుండె మరింత కష్టపడుతుంది, మైదానంలోకి వచ్చాక నెమ్మదించడానికి ఇంకాస్త సమయం పడుతుంది. అలాంటి చోట నాలుగుకు నాలుగు గెలవడం ఊపిరి పొదుపు తెలిసినవాడికే చెల్లుతుంది.

ఊపిరి పొదుపు ఎలా వస్తుంది? ఈ ఆటలో పైస్థాయివాళ్లు ఏడాదికి 700 నుంచి 900 గంటలు సాధన చేస్తారు. అందులో ఐదింట నాలుగు వంతులు ఆయాసం లేకుండా, పక్కవాడితో మాట్లాడుతూ సాగేంత నెమ్మదిగా ఉంటుంది. పిల్లలకు ఇది నమ్మశక్యంగా అనిపించదు. ఎగపోయకపోతే సాధన ఎలా అవుతుందని అడుగుతారు. నెమ్మది పరుగు గుండె గదులను పెద్దవి చేస్తుంది, కండల్లో సన్నని నెత్తుటి నాళాలను అల్లుతుంది. ఒక్కసారి పడే కుండపోత నేల మీంచి కొట్టుకుపోతుంది. రోజుల తరబడి పడే జల్లు భూమిలోకి ఇంకి బోరుకు చేరుతుంది. గట్టి పరుగు అవసరమే, కానీ కొలత మీరకూడదు.

ఆయన గురించి ఆటలోకంలో బాగా తెలిసిన సంగతి ఒకటుంది. ప్రయాణాల్లో సొంత వాక్యూమ్ క్లీనర్ వెంట తీసుకెళ్లేవాడు, చేయి కలపడానికి ఇష్టపడేవాడు కాదు. దీని వెనక ఆలోచన ఉంది. గట్టి పోటీ తర్వాత కొన్ని గంటలు ఒంటి రోగనిరోధక శక్తి మందగిస్తుంది. చలిలో లీటర్ల కొద్దీ పొడిగాలి పీల్చే గొంతు జలుబుకు తేలిగ్గా లొంగుతుంది. శీతాకాలంలో వారం జ్వరం వస్తే ఏడాది శ్రమ పోతుంది. గది దుమ్మునైనా వదలకూడదని ఆయన పట్టుబట్టాడు.

మొత్తం మీద ప్రపంచ కప్పు ఓవరాల్ టైటిల్ ఆరుసార్లు, ఒలింపిక్స్‌లో 8 స్వర్ణాలు, 4 రజతాలు, ఒక కాంస్యం. వీటన్నిటిలోనూ నాకు 2014 సోచి పోటీయే ఎక్కువ ఇష్టం. ఫిబ్రవరి 8న పది కిలోమీటర్ల పోటీ. ఆయనకు నలభై ఏళ్లు నిండి పన్నెండు రోజులు. వయసుతో గుండె అందుకోగల గరిష్ఠ వేగం పదేళ్లకు ఏడెనిమిది కొట్ల చొప్పున తగ్గుతూ వస్తుంది. ఎంత సాధన చేసినా దీన్ని ఆపలేం. తగ్గిన మోటారుతో గెలవాలంటే వృథా తగ్గించాలి. ప్రతి తోపులో, ప్రతి కర్రపోటులో, పడుకోవడంలో, లేవడంలో. డ్రిప్పు పైపులు వేసుకున్న రైతు తక్కువ నీళ్లతో అంతే పంట తీసినట్టు. ఆ రోజు పడుకుని కాల్చిన ఐదూ తగిలాయి. నిలబడి కాల్చినవాటిలో ఒకటి తప్పింది. 150 మీటర్ల శిక్ష చుట్టు తిరిగాడు. ఆ చుట్టు తిరిగి కూడా, 24 నిమిషాల 33.5 సెకన్లకు చేరుకుని, ఆస్ట్రియా ఆటగాడు డొమినిక్ లాండర్టింగర్ కన్నా 1.3 సెకన్లు ముందు నిలిచాడు. ఒక్క ఊపిరి పీల్చి వదిలేంత తేడా.

2018 ఒలింపిక్స్ జట్టులో ఆయనకు చోటు దక్కలేదు. ఆ ఏప్రిల్‌లో 44వ ఏట ఆటకు స్వస్తి చెప్పాడు. గుండె లయ తప్పుతోందని, పై గదులు తాళం లేకుండా అదురుతున్నాయని బయటపెట్టాడు. దశాబ్దాల పాటు గుండెను ఇంతలా వాడిన ఆటగాళ్లలో ఈ లయదోషం మిగతావాళ్ల కన్నా ఎక్కువగా కనిపిస్తుందని వైద్యులు గమనించారు. పెద్దవైన పై గదుల గోడల్లో విద్యుత్తు దారి తప్పుతుంది. వేల సార్లు కొట్టుకుంటూనే గురిని నిలిపిన గుండె, చివరికి ఆయనకు ఆట చాలించే వేళ తానే చెప్పింది.

మంచు కరువు

కరువు సీమలో కూర్చుని మంచు ఆట గురించి ఇంత చెప్పడమెందుకని ఎవరైనా అడగొచ్చు. అనంతపురంలో ఏడాదికి సగటున పడే వాన 550 మిల్లీమీటర్లు. పడమటి కనుమల చాటున ఉండటంతో నైరుతి మేఘాలు ఇక్కడికొచ్చేసరికి చాలావరకు ఖాళీ అయిపోతాయి. నీటి కరువంటే ఏమిటో మాకు తెలుసు. ఇప్పుడు ఆ కరువే వేరే రూపంలో మంచు దేశాల తలుపు తట్టింది. చలికాలాలు వెచ్చబడి, మంచు ఆలస్యంగా పడుతోంది, తొందరగా కరిగిపోతోంది. పిల్లవాడు ఫోనులో చూసిన బీజింగ్ ఒలింపిక్స్ జంటపోటీలు జాంగ్‌జియాకౌ అనే పొడి ప్రాంతంలో జరిగాయి. ఆటగాళ్ల కాళ్ల కింది మంచంతా దాదాపు యంత్రాలు చేసిందే. ఫిరంగిలాంటి యంత్రం నీటిని సన్నని తుంపరగా చలిగాలిలోకి ఊదుతుంది, నేల చేరేలోగా అది గడ్డకడుతుంది. ఒక ఘనమీటరు నీటికి సుమారు రెండు ఘనమీటర్ల మంచు వస్తుంది. ఆటకు కావలసినంత మంచు కావాలంటే ఎన్ని చెరువుల నీరు కావాలో ఊహించండి.

స్వీడన్‌లోని ఓస్టర్‌శుండ్ వాళ్లు ఇంకో పని చేస్తారు. ఒక చలికాలం మంచును గుట్టగా పోసి, మీద రంపపు పొట్టు మందంగా కప్పి, ఎండాకాలమంతా దాచుకుంటారు. తిరిగి పోటీల కాలం రాగానే పొట్టు తీసి దారి పొడవునా పరుస్తారు. ఈ మాట చెప్పగానే క్లాసులో వెనక బెంచీ అమ్మాయి ఒకతె, వాళ్ల తాత ఐసుబండి నడిపేవాడని, ఐసుగడ్డల్ని పొట్టులోనే పొదిగి గోనెపట్టా కప్పేవాడని చెప్పింది. అచ్చం అదే. పొట్టు సందుల్లో నిలిచిన గాలి వేడిని లోపలికి రానివ్వదు. కొద్దిగా కరిగిన నీరు పొట్టులోకి పాకి ఆవిరైపోతూ పోతూ కింది మంచు నుంచి వేడిని లాగేస్తుంది. మట్టికుండలో నీళ్లు చల్లబడేదీ ఈ సూత్రంతోనే.

పిల్లవాడికి ఇంకో అనుమానం మిగిలింది. మంచు కరువైన దేశాల్లో వాళ్లు సాధన ఎక్కడ చేస్తారని అడిగాడు. ఎండాకాలమంతా తారు రోడ్ల మీదే చేస్తారని చెప్పి వీడియో చూపించాను. స్కీ చెక్కకు బదులు మీటరుకు తక్కువ పొడవున్న పట్టీ, ముందూ వెనకా చక్రాలు, చేతుల్లో అవే కర్రలు. తారు మీద జారుకుంటూ వచ్చి, పడుకుని, కాల్చి పోతున్నారు. కదిరి దారిలో వాళ్ల ఊరి పక్కన ఈమధ్యే కొత్త రోడ్డు వేశారట. వీడియో రెండోసారి చూసి ఫోను నా చేతికిస్తూ అన్నాడు.

"పొద్దున ఐదింటికి ఆ రోడ్డు మీద ఒక బండి కూడా ఉండదు సార్."